లిన్‌లో బూట్ల ఫ్యాక్టరీలు ఏమయ్యాయి?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. అమెరికాలో బోస్టన్‌కి ఉత్తరంగా పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న లిన్ లాంటి చిన్న ఊళ్లో వందల కొద్దీ బూట్ల కంపెనీలు ఎలా పుట్టుకొచ్చాయన్నది మొదటిది. అవన్నీ మాయమైపోవడానికి చైనా సరుకే కారణమా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: కాదు. చైనా రంగంలోకి దిగేసరికి అక్కడ చంపడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అసలు కారణం మీ మొదటి ప్రశ్నలోనే ఉంది. ఏ సౌకర్యం వల్ల అన్ని కంపెనీలు పుట్టాయో ఆ సౌకర్యమే వాటిని ఊరు దాటించింది. అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టండి.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ముప్ఫై ఏళ్లకు దగ్గరగా షూ ఫ్యాక్టరీల్లో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం లాస్టింగ్ సెక్షన్‌లో, అంటే జోడు పైభాగాన్ని పాదం అచ్చు మీద లాగి బిగించే చోట. నేను నడిపే మెషీన్ మొదట ఎవరు చేశారో తెలుసుకుందామని మొదలుపెడితే ప్రతి దారీ ఈ లిన్ దగ్గరికే వచ్చి ఆగేది. అలా పట్టుకుంది నాకీ పిచ్చి.

లిన్‌లో చెప్పులు కుట్టేవాళ్లు 1635 నుంచే ఉన్నారు, మొదటివాళ్లలో ఫిలిప్ కర్ట్‌లాండ్ పేరు చెప్తారు. అప్పట్లో అదంతా చుట్టుపక్కల జనం తొడుక్కునే మోటు సరుకు. ఆ ఊరికి చెయ్యి తిరిగింది 1750లో, వేల్స్ నుంచి జాన్ ఆడమ్ డాగిర్ అనే పనివాడు వచ్చాక. ఐరోపా నుంచి వచ్చిన మంచి జోళ్లు సంపాదించి, కుట్లు విప్పి, ముక్కలు విడదీసి, ఏది దేనికి ఎలా అతికిందో చూసేవాడని చెప్తారు. చూసి ఊరుకోలేదు, కుర్రాళ్లకు నేర్పాడు. పనివాళ్లలో ఇది అరుదండీ. మా రోజుల్లో కూడా ఒక మేస్త్రీ తన కిటుకు పక్కవాడికి చెప్పాలంటే గుండె కోసి ఇచ్చినట్టే ఉండేది. తర్వాత ఎబెనెజర్ బ్రీడ్ అనే లిన్ వ్యాపారి ఫిలడెల్ఫియాలో మకాం వేసి, బయటి జోళ్ల మీద సుంకం వెయ్యమని కొత్త ప్రభుత్వం పెద్దల చుట్టూ తిరిగాడు. 1789 సుంకాల చట్టంలో బూట్లకి జతకు 50 సెంట్లు, తోలు జోళ్లకి 7 సెంట్లు, పట్టు, గుడ్డ జోళ్లకి 10 సెంట్లు పడింది. లిన్ అప్పటికే ఆడవాళ్ల జోళ్లకి పేరు తెచ్చుకుంటోంది కాబట్టి ఆ 10 సెంట్లు వాళ్లకి బాగా కలిసొచ్చాయి. ఇంత చేసిన డాగిర్, బ్రీడ్ ఇద్దరూ చివరికి దిక్కులేని పేదల కోసం ఊరు నడిపే ఆశ్రమంలోనే పోయారు.

ఆ కాలంలో ఫ్యాక్టరీ అంటే ఇంటి పెరట్లో ఒక చిన్న చెక్క గది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అటూ ఇటూగా. అందుకే వాటికి 'టెన్ ఫుటర్' అని పేరు. అందులో నలుగురైదుగురు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చునేవాళ్లు, మధ్యలో పొయ్యి ఉండేది. ఒళ్లో ఒక నున్నటి రాయి, దాని మీద నానబెట్టిన సోల్ తోలు పెట్టి సుత్తితో కొట్టి గట్టిపరచడం. తర్వాత జోడుని తొడ మీద పెట్టి, ఒక తోలు పట్టీని దాని మీదుగా చుట్టి, పట్టీ రెండో కొసని పాదం కింద తొక్కిపట్టేవాళ్లు. అంతే, అదే వాళ్ల బిగింపు. ఆరతో కన్నం పొడవడం, మైనం పట్టించిన దారం రెండు కొసలకీ సూది బదులు పంది వెంట్రుక అతికించి, ఒకే కన్నంలోంచి రెండు కొసల్నీ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ చాచి లాగడం. ఆ లాగుడు చూస్తే పక్కవాడి మొహానికి మోచెయ్యి తగులుతుందేమో అనిపిస్తుంది. ఒకడు వార్తాపత్రిక చదువుతుంటే మిగతావాళ్లు వింటూ, వాదించుకుంటూ కుట్టేవాళ్లట. లిన్ కార్మికులకి నోరెక్కువ అని తర్వాత యజమానులు వాపోయారు కదా, ఆ నోరు ఈ గదుల్లోనే పెరిగిందని నా అనుమానం.

పైభాగం, అంటే అప్పర్, కుట్టేది ఆడవాళ్లు. మొదట్లో ఆ మొగుడి పని ఆ భార్య, ఆ తండ్రి పని ఆ కూతురు. వ్యాపారం పెరిగాక ఊళ్లో 'బాస్'లు తయారయ్యారు. తోలు కొనడం, కత్తిరించడం వాళ్ల షెడ్లో. కత్తిరించిన ముక్కలు ఇళ్లకి పంపితే ఆడవాళ్లు అప్పర్ కుట్టి పంపేవాళ్లు, అవి మళ్లీ టెన్ ఫుటర్లకి వెళ్లి సోల్ పడి తిరిగొచ్చేవి. కత్తిరింపు ఎందుకు తన దగ్గరే ఉంచుకున్నాడంటే, డబ్బంతా తోలులోనే ఉంది. ఒక చర్మంలోంచి ఎన్ని జతలు తీస్తావన్నదే లాభం, ఇవాళ్టికీ అంతే. కూలి చాలాసార్లు నగదు రూపంలో ఇచ్చేవాళ్లు కాదు, ఫలానా దుకాణంలో సరుకు తీసుకోమని చీటీ రాసిచ్చేవాళ్లు. ఆ చీటీల మీద గొణుగుడు పాత లిన్ రాతల్లో చాలా కనిపిస్తుంది.

1852 ప్రాంతంలో కుట్టు మెషీన్ తోలు కుట్టేలా మారి లిన్‌కి చేరింది. ఇళ్లలో చేతితో కుట్టే ఆడవాళ్ల పని తగ్గింది, మెషీన్ల దగ్గర కూర్చునే అమ్మాయిలు తయారయ్యారు. 1857లో దేశమంతా మాంద్యం వచ్చి కూలి రేట్లు పడిపోయాయి, తర్వాత వ్యాపారం కోలుకున్నా రేట్లు కోలుకోలేదు. దాంతో 1860 ఫిబ్రవరి 22న, కావాలనే వాషింగ్టన్ పుట్టినరోజు చూసుకుని, సమ్మెకి దిగారు. న్యూ ఇంగ్లండ్, అంటే అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలంతా పాకి దాదాపు 20 వేల మంది పని ఆపేశారు. లిన్ జనాభా అప్పటికి 19 వేలు, అది గుర్తుపెట్టుకుని చదవండి. మార్చి 7న మంచు కురుస్తుంటే సుమారు 800 మంది ఆడవాళ్లు 'అమెరికన్ స్త్రీలు బానిసలు కాబోరు' అని బ్యానర్ పట్టుకుని ఊరేగారు. దానికి ముందురోజే న్యూ హేవెన్‌లో మాట్లాడుతూ లింకన్, కూలీలు కావాలనుకున్నప్పుడు సమ్మె చేయగలిగే పద్ధతి ఇక్కడ ఉన్నందుకు సంతోషం అన్నాడు.

ఈ ఊరేగింపు బొమ్మ అందరూ వాడతారు గానీ, లోపలి గొడవ ఎవరూ చెప్పరు. మెషీన్ల దగ్గర పనిచేసే అమ్మాయిలు ఇంటి దగ్గర కుట్టే ఆడవాళ్ల రేట్లు కూడా పెంచాలని అడిగారు, అందరం కలిసి నిలబడదాం అన్నారు. సమ్మె నాయకులైన మగవాళ్లకి అది నచ్చలేదు. ఇంటి రేట్లు పెరిగితే ఆ పని కూడా మెషీన్లకే పోతుందని, అప్పుడు కుటుంబమంతా కలిసి చేసుకునే పద్ధతి పోతుందని వాళ్ల భయం. ఆ అమ్మాయిల మాట నెగ్గలేదు. సమ్మె కూడా కొన్నిచోట్ల కొద్దిపాటి రేట్ల పెంపుతో, యూనియన్‌కి గుర్తింపు లేకుండానే చల్లారిపోయింది. పది, పన్నెండేళ్లు తిరిగేసరికి మగవాళ్లు కాపాడుకుందాం అనుకున్న టెన్ ఫుటర్లు కోళ్ల గూళ్లుగానో కట్టెల కొట్లుగానో మారిపోయాయి.

ఇక అసలు మలుపు. అందరూ మెషీన్ కనిపెట్టినవాళ్ల గురించి చెప్తారు, నేను మాత్రం మెషీన్ అద్దెకిచ్చినవాడి గురించి చెప్తాను. 1858లో లైమన్ బ్లేక్ అనే మసాచుసెట్స్ మనిషి సోల్‌ని అప్పర్‌కి కుట్టే మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. కొమ్ములాంటి ఒక చెయ్యి జోడు లోపలికి దూరి అక్కణ్ణించి కుడుతుంది. ఆ పేటెంట్‌ని గోర్డన్ మెకే కొన్నాడు, మెరుగు చేయించాడు. అమ్ముదామంటే ఫ్యాక్టరీలవాళ్ల దగ్గర అంత డబ్బు లేదు. సరే, మెషీన్ ఊరికే పెడతాను, కుట్టిన ప్రతి జతకీ నాకు కొన్ని సెంట్లు ఇవ్వండి అన్నాడు. అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు, సైన్యానికి బూట్లు కావాలి, చేతులు చాలడం లేదు. అందరూ ఒప్పుకున్నారు.

ఇది ఎంత పెద్ద సంగతో ఒక్కసారి ఆలోచించండి. బట్టల మిల్లు పెట్టాలంటే మగ్గాలు కొనాలి, నది కావాలి, చక్రం కావాలి, కోట లాంటి భవనం కావాలి. బూట్ల ఫ్యాక్టరీ పెట్టాలంటే? మెషీన్ అద్దెకి, భవనంలో ఒక అంతస్తు అద్దెకి, ఆవిరి పవర్ ఆ అద్దెలోనే, తోలు అప్పు మీద. కాస్త పేరున్న ఫోర్‌మన్ ఎవరైనా ఇద్దరు బంధువుల్ని కలుపుకుని సోమవారం కంపెనీ తెరవచ్చు. నడవకపోతే శనివారం మూసేసి మళ్లీ ఇంకొకడి దగ్గర ఫోర్‌మన్‌గా చేరచ్చు. లిన్‌లో వందల కంపెనీలు ఎలా పుట్టాయన్న మీ ప్రశ్నకి సగం జవాబు ఇదే. అవి వందల 'కంపెనీలు' అని ఊహించుకుని పెద్ద గేట్లు, సైరన్లు అనుకోకండి. ఒకే భవనంలో మూడో అంతస్తు ఒకడిది, నాలుగోది ఇంకొకడిది. వీళ్ల అంతస్తులో నడవకపోతే వాళ్ల అంతస్తు ఎక్కేవాళ్లు పనివాళ్లు. ఏడాదికి రెండు సీజన్లు, మధ్యలో పని ఉండదు, సీజన్‌లో ఊపిరి ఆడదు.

మెషీన్లు వచ్చాక సంఘాలూ పుట్టాయి. 1867లో మొదలైన నైట్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్ అనే బూట్ల పనివాళ్ల సంఘానికి లిన్ పెద్ద కోట. 1869లో ఆడవాళ్ల సంఘం డాటర్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్ పుట్టింది లిన్‌లోనే. అమెరికాలో ఆడవాళ్లు జాతీయస్థాయిలో పెట్టుకున్న మొదటి యూనియన్ అదే. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ వదిలేస్తున్నా.

ఇప్పుడు నా సెక్షన్‌కి వస్తాను. 1870ల చివరికి కత్తిరింపుకి, అప్పర్ కుట్టడానికి, సోల్ కుట్టడానికి, మడమకి, అన్నిటికీ మెషీన్లు వచ్చేశాయి. లాస్టింగ్‌కి రాలేదు. లాస్ట్ అంటే పాదం ఆకారంలో ఉండే చెక్క అచ్చు. అప్పర్‌ని ఆ అచ్చు మీద వేసి, అడుగున ఇన్‌సోల్, అంటే లోపలి అట్ట పెట్టి, తోలు అంచుల్ని కిందికి లాగి మేకులు కొట్టి బిగించడమే లాస్టింగ్. వినడానికి ఇంతే. ముందు కాలివేళ్ల దగ్గర మధ్యలో ఒక లాగు, ఒక మేకు. తర్వాత అటూ ఇటూ. ఎక్కువ లాగితే కుట్టు చిట్లుతుంది, తక్కువ లాగితే తొడిగిన నెలకి ముందరి భాగం గుండ్రం తప్పి కుంగిపోతుంది. కాలివేళ్ల వంపులో తోలు ఎక్కువై ముడతలు పడుతుంది. ఆ ముడతల్ని చిన్న చిన్న మడతలుగా సర్ది, ఒక్కో మడత మీద ఒక్కో మేకు కొట్టాలి, బయటికి గీత కూడా కనపడకూడదు. పాత లాస్టర్లు గుప్పెడు మేకులు నోట్లో పోసుకునేవాళ్లు, నాలికతో ఒక్కోటి తల ముందుకి తెచ్చి అందుకునేవాళ్లు. పటకారుకే ఒక పక్క సుత్తి తల ఉంటుంది, లాగిన చేత్తోనే తిప్పి కొట్టడానికి. తోలు ప్రతిదీ ఒకలా సాగదు. పొట్ట దగ్గరి తోలు ఒకలా, వీపు దగ్గరిది ఒకలా. అది మెషీన్ చూపించలేదు, వేలు చెప్పాలి. అందుకే లాస్టర్లకి మంచి కూలి, దానికి తగ్గ పొగరు. మా పని ఏ మెషీనూ చెయ్యలేదని వాళ్ల ధీమా. వాళ్లు పని ఆపితే ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయేది, ఎందుకంటే వెనక సెక్షన్ల పనంతా వాళ్ల దగ్గరే గుట్టలు పడుతుంది.

ఆ ధీమాని దెబ్బతీసినవాడు యాన్ ఎర్న్‌స్ట్ మాట్జెలిగర్. 1852లో దక్షిణ అమెరికాలో సురినామ్‌లోని పారమారిబోలో పుట్టాడు, తండ్రి డచ్ ఇంజనీరు, తల్లి నల్లజాతి స్త్రీ. పంతొమ్మిదేళ్లకి ఓడ ఎక్కాడు, కొన్నాళ్లు ఫిలడెల్ఫియాలో ఉండి 1877 నాటికి లిన్ చేరాడు. ఇంగ్లిష్ సరిగా రాదు. పగలు ఫ్యాక్టరీలో సోల్ కుట్టే మెషీన్ నడుపుతూ, రాత్రిళ్లు ఇంగ్లిష్ పుస్తకాలు, డ్రాయింగ్ నేర్చుకుంటూ, లాస్టర్ల చేతుల్ని చూస్తూ కూర్చునేవాడు. మొదటి నమూనా పాత చుట్టల పెట్టెల చెక్కలతో, తీగలతో చేశాడని చెప్తారు. డబ్బు కోసం ఇద్దరు స్థానికుల్ని కలుపుకుని మూడింట రెండు వంతుల హక్కు వాళ్లకి రాసిచ్చాడు. అతని డ్రాయింగులు ఎంత చిక్కుగా ఉన్నాయంటే, కాగితం మీద అర్థంకాక పేటెంట్ ఆఫీసు మనిషి వాషింగ్టన్ నుంచి లిన్‌కి వచ్చి మెషీన్‌ని కళ్లారా చూసుకున్నాడట. 1883 మార్చి 20న పేటెంట్ వచ్చింది, నంబర్ 2,74,207.

చేతితో మంచి లాస్టర్ రోజుకి 50 జతలు చేస్తే గొప్ప. ఈ మెషీన్ మొదట్లో 75 చేసింది, మెరుగుపడ్డాక రకాన్ని బట్టి 150 నుంచి 700 దాకా. ఆ మెషీన్ మనవళ్ల మనవళ్ల ముందు నిలబడినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను. అతని గొప్పతనం బలంలో లేదు. పటకారు లాగే దిశ, లాగి కాస్త తిప్పడం, మేకు పడేదాకా వదలకుండా పట్టుకోవడం, ఇవన్నీ మనిషి చెయ్యి చేసే వరసలోనే పెట్టాడు. చెయ్యిని గమనించనివాడికి అది తట్టదు. మాట్జెలిగర్ 1889 ఆగస్టులో క్షయతో పోయాడు, ముప్ఫై ఏడు కూడా నిండలేదు. ఊళ్లో కొన్ని చర్చిలు నల్లవాడని రానివ్వకపోతే ఒక చర్చి చేర్చుకుంది, తన వాటాల్లో కొన్ని ఆ చర్చికే రాసిపోయాడు. ఆ వాటాలతో తర్వాత ఆ చర్చి అప్పు తీరింది. 1991లో అమెరికా అతని బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

అతను పోయిన మూడు నెలలకి, 1889 నవంబర్ 26న, ఊరి మధ్య భాగం తగలబడిపోయింది. వందల భవనాలు, అందులో బూట్ల ఫ్యాక్టరీలు ఎన్నో. అయినా ఊరు త్వరగా లేచింది. మెషీన్ అద్దెది, భవనం అద్దెది అయినప్పుడు నిప్పు వల్ల యజమానికి పోయేది తక్కువ, మళ్లీ మొదలుపెట్టడం సులువు, అందుకే లేచిందని నేననుకుంటాను.

1899లో సోల్ మెషీన్లవాళ్లు, లాస్టింగ్ మెషీన్లవాళ్లు, వెల్ట్ (అప్పర్‌ని సోల్‌తో కలిపే తోలు పట్టీ) కుట్టే మెషీన్లవాళ్లు కలిసిపోయి యునైటెడ్ షూ మెషినరీ అయ్యారు. లిన్‌కి దగ్గర్లోనే బెవర్లీలో బ్రహ్మాండమైన కాంక్రీట్ ఫ్యాక్టరీ కట్టుకున్నారు. మెషీన్ అమ్మరు, అద్దెకే. అద్దె ఏళ్ల తరబడి. పాడైతే వాళ్ల మెకానిక్కే వస్తాడు, రిపేర్ డబ్బులు విడిగా అడగరు. వేరే కంపెనీ మెషీన్ పక్కన పెడితే ఒప్పుకోమని మొదట్లో షరతులు కూడా ఉండేవి, 1922లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. చిన్న ఫ్యాక్టరీవాడికి ఇందులో సుఖం ఉంది, నిజం చెప్పాలి. పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకే మెషీన్, జతకి ఒకే రేటు. లిన్‌లో వందల కంపెనీలు ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా బతికి వచ్చాయంటే ఈ పద్ధతి చలవే.

మీ మొదటి ప్రశ్నకి మిగతా సగం జవాబు ఇరుగుపొరుగు. లిన్‌ది ఎక్కువగా ఆడవాళ్ల జోళ్ల వ్యాపారం, ఫ్యాషన్ ప్రతి సీజన్‌కీ మారుతుంది. ఇవాళ మడమ ఎత్తు పెరిగిందంటే రేపటికి కొత్త మడమలు కావాలి, వాటికి కొత్త లాస్టులు కావాలి, తోలు ముక్కలు కోసే కొత్త అచ్చుకత్తులు, అంటే డైలు కావాలి. అవన్నీ చేసేవాళ్లు నాలుగు వీధుల అవతలే ఉంటే వారంలో సరుకు బయటపడుతుంది. మడమలవాడు, లాస్టులవాడు, డైలవాడు, అట్టపెట్టెలవాడు, దారం, పాలిష్ అమ్మేవాడు, అందరూ అక్కడే. ఇవాళ పొద్దున రాజీనామా చేస్తే సాయంత్రానికి ఇంకో చోట పని దొరికే లాస్టర్లు, కట్టర్లు కూడా అక్కడే.

ఇక పోవడం సంగతి. మెషీన్ అద్దెకి దొరికితే లిన్‌లోనే ఎందుకు ఉండాలి? న్యూ హాంప్‌షైర్ కొండల్లో పెట్టినా, మెయిన్ రాష్ట్రంలో ఏ పల్లెలో పెట్టినా యునైటెడ్‌వాళ్లు లారీ ఎక్కించి అవే మెషీన్లు దింపుతారు, అదే రేటు, అదే మెకానిక్. లిన్‌లో యూనియన్లు గట్టివి, కూలి ఎక్కువ, ఒక్కో పనికి ఒక్కో సంఘం, ఒక సంఘానికి ఇంకో సంఘానికి పడదు. సీజన్ మధ్యలో సమ్మె అంటే ఆడవాళ్ల జోళ్ల వ్యాపారికి ఏడాది పోయినట్టే. అవతల చిన్న ఊళ్లు రండి బాబూ అని పిలిచాయి, ఖాళీ భవనం ఇస్తాం, కొన్నేళ్లు పన్ను వద్దు అన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, 1920ల్లో ఈ వలస ఊపందుకుంది, 1930ల మాంద్యం మిగతాది ఊడ్చేసింది. ఫ్యాక్టరీ కదలడానికి ఏముంది, అద్దె మెషీన్లు వాపసు చేసి, లాస్టులూ, డైలూ, ఆర్డర్ పుస్తకం పెట్టెలో సర్దుకోవడమే. ముందు చెప్పాను కదా, సోమవారం తెరిచి శనివారం మూసేయగలిగిన వ్యాపారం అని. అలాంటిదాన్ని ఏ తాడుతో కట్టేస్తారు?

దీన్ని ఒకప్పటి చెకోస్లవాకియా ముక్క అయిన చెక్‌లోని జ్లిన్‌తో పోల్చి చూడండి. 1894లో మొదలైన బాటా అక్కడ ఊరునే తన చేతులతో కట్టింది, ఇళ్లు, ఆసుపత్రి, బడి అన్నీ కంపెనీవే. ఊరికీ కంపెనీకీ ఒకటే పేగు. దాని కష్టాలు దానికున్నాయి, కానీ అది రాత్రికి రాత్రి మూటా ముల్లే సర్దుకునే రకం కాదు. లిన్‌లో అలాంటి యజమానే లేడు. మంచిదా చెడ్డదా అంటే, ఒక్కడి దయ మీద ఊరు బతకడం నాకైతే నచ్చదు, అయితే లిన్ పద్ధతిలో ఊరికి దిక్కెవరూ లేరన్నది కూడా నిజమే.

దిగుమతుల సంగతికి వస్తే, అమెరికాలోకి బయటి జోళ్లు వరదలా రావడం 1960ల తర్వాత. మొదట ఇటలీ, స్పెయిన్, జపాన్, తర్వాత తైవాన్, దక్షిణ కొరియా, బ్రెజిల్. 1977లో తైవాన్, కొరియాలతో అమెరికా ఇన్ని జతలకు మించి పంపకూడదని ఒప్పందాలు కూడా చేసుకుంది. చైనా పెద్ద ఎత్తున దిగింది దాని తర్వాతే. ఆ దెబ్బ తిన్నది మెయిన్, న్యూ హాంప్‌షైర్, మిస్సోరి ఊళ్లు, అంటే లిన్ లాంటి చోట్ల నుంచి తెచ్చుకున్న పనిని మళ్లీ పోగొట్టుకున్న ఊళ్లు. మెషీన్ల వ్యాపారమంతా ఒక్కడి గుప్పిట్లో పెట్టుకున్నారని యునైటెడ్ మీద ప్రభుత్వం 1947లో కేసు వేసింది, 1953లో గెలిచింది, మెషీన్లు అమ్మకానికి కూడా పెట్టమని కోర్టు చెప్పింది, అది చాలకపోతే ఇంకా గట్టి చర్యలు తీసుకోవాలని 1968లో సుప్రీంకోర్టు అంది. అప్పటికి లిన్‌లో కొనేవాళ్లు ఎందరు మిగిలారు కనుక.

ఒక్క విషయం మాత్రం చాలామందికి తెలియదు. లిన్ బూట్ల డబ్బు మొత్తం ఊరు దాటిపోలేదు. 1883లో కొందరు లిన్ బూట్ల వ్యాపారులు కలిసి థామ్సన్ హ్యూస్టన్ అనే కరెంటు కంపెనీని తమ ఊరికి తెచ్చుకున్నారు. దాన్ని నడిపిన చార్లెస్ కాఫిన్ అంతకుముందు జోళ్లు తయారుచేసి అమ్మినవాడు, కరెంటు గురించి ఓనమాలు కూడా తెలియవు. 1892లో అది ఎడిసన్ కంపెనీతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయింది, మొదటి ప్రెసిడెంట్ ఈ కాఫినే. 1942లో అమెరికా మొదటి జెట్ ఇంజన్ తయారైంది జీఈ లిన్ ఫ్యాక్టరీలోనే. ఇప్పటికీ అక్కడ విమానాల ఇంజన్లు చేస్తున్నారు. 1930లో లిన్ జనాభా లక్ష దాటిందంటే అప్పటికే బూట్లు ఊరిని మోయడం తగ్గి, ఈ కంపెనీ మోయడం మొదలైందన్నమాట.

మీరు ఊరి చరిత్ర రాస్తున్నానన్నారు కాబట్టి చివరగా పనికొచ్చే మాట ఒకటి. కంపెనీల పేర్లు లెక్కపెట్టకండి, మోసపోతారు. ఒకే మనిషి పదేళ్లలో నాలుగు పేర్లు మారుస్తాడు, ఒకే పేరు ముగ్గురి చేతులు మారుతుంది. పాత సిటీ డైరెక్టరీల్లో, అంటే ఊళ్లోవాళ్ల పేర్లు, వ్యాపారాలు, చిరునామాలు ఉండే పుస్తకాల్లో, మడమలు చేసేవాళ్లు, లాస్టులు చేసేవాళ్లు, డైలు, అట్టపెట్టెలవాళ్ల పేజీలు తియ్యండి, ఐదేళ్లకోసారి ఎందరున్నారో చూడండి. బూట్ల కంపెనీ ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. లాస్టులవాడు తాళం వేశాడంటే చుట్టుపక్కల ఇక ఆర్డర్లు రావని వాడికి మనకన్నా ముందే తెలిసిందన్నమాట. భవనాలు చూసి లెక్కవేద్దామంటే కుదరదు, 1981 నవంబర్‌లో మళ్లీ పెద్ద మంట లేచి ఊరి మధ్యలో మిగిలిన పాత ఫ్యాక్టరీల వరసే బూడిదైంది. ఉన్న వాటిలో వ్యాంప్ బిల్డింగ్ చూడదగ్గది, ఇప్పుడందులో జనం కాపురాలుంటున్నారు. టెన్ ఫుటర్ చూడాలంటే మాత్రం లిన్‌లో వెతకడం కన్నా పక్కనే సేలం వెళ్లండి. 1830 నాటి ఒక లిన్ గదిని అక్కడికి తరలించి మ్యూజియంలో ఉంచారు. లోపల నిలబడి రెండు చేతులూ చాచి చూడండి, దారం లాగేటప్పుడు పక్కవాడి మొహం ఎంత దూరంలో ఉంటుందో తెలుస్తుంది.